డి.ఐ.టి.-2: ధర్మసంకటాల కొలబద్ద కొనే ముందు చూసుకోవాల్సినవి

సైకాలజీలో పీహెచ్‌డీ చేసేవాళ్లకి, మెడికల్ కాలేజీల్లో ఎథిక్స్ పాఠాలు చెప్పేవాళ్లకి, కంపెనీల్లో శిక్షణ విభాగం చూసేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఒకటే అవసరం వస్తుంది. ధర్మసంకటంలో పడిన మనిషి ఎలా ఆలోచిస్తాడో అంకెల్లో చూపించాలి. ఆ పనికి దొరికే పరీక్షలు కొద్దే. వాటిలో బాగా వాడుకలో ఉన్నది డిఫైనింగ్ ఇష్యూస్ టెస్ట్, అందులోనూ రెండో రూపం, డి.ఐ.టి.-2.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఇంగ్లీషు ధారాళంగా చదవగలిగే పెద్ద గుంపులు రెండు ఉండి, ఏదో ఒక కోర్సు వాటి మధ్య తేడా తెచ్చిందా అని చూడాలంటే ఇంతకన్నా నమ్మకమైనది దొరకడం కష్టం. ఉద్యోగానికి వచ్చిన ఒక అభ్యర్థినో, ఒక విద్యార్థినో తూచడానికైతే దీని మీద పైసా పెట్టొద్దు. తెలుగులోకి మార్చి వాడదామనుకుంటే మాత్రం కింద రాసింది మొత్తం చదివాక నిర్ణయించుకోండి.

దీని పుట్టుక

లారెన్స్ కోల్‌బర్గ్ 1958లో షికాగో యూనివర్సిటీలో సమర్పించిన పరిశోధనతో కథ మొదలైంది. 72 మంది మగపిల్లలను కూర్చోబెట్టి, భార్య ప్రాణం కోసం మందు దొంగిలించాలా వద్దా అన్న హైంజ్ కథలాంటివి చెప్పి, 'ఎందుకు' అని తరచి తరచి అడిగాడు. దొంగిలించాలన్నారా వద్దన్నారా అన్నది ఆయన లెక్కలోకి రాలేదు. ఇచ్చిన కారణాన్ని బట్టి ఆలోచన ఎదుగుదలకు ఆరు దశలు కట్టాడు. పద్ధతి లోతైనదే కానీ, దాన్ని మోయడం మామూలు డిపార్ట్‌మెంటు వల్ల అయ్యే పని కాదు. ఇంటర్వ్యూ రికార్డు చేయాలి, రాసుకోవాలి, ఆపైన 1987లో అచ్చయిన రెండు సంపుటాల స్కోరింగ్ మాన్యువల్ ప్రకారం మార్కులు వేయాలి. ఆ మాన్యువల్ వంటబట్టాలంటేనే ప్రత్యేక శిక్షణ కావాలి.

మిన్నెసోటా యూనివర్సిటీలో జేమ్స్ రెస్ట్ 1970లలో దీనికి అడ్డదారి కనిపెట్టాడు. మనిషి నోటితో చెప్పగలిగే దానికన్నా చూసి గుర్తుపట్టగలిగేది ఎక్కువ. కాబట్టి ఆలోచించాల్సిన విషయాలను మనమే రాసి ఇచ్చి, అతని కన్ను వేటి మీద ఆగుతుందో చూస్తే చాలన్నాడు. మొదటి రూపంలో ఆరు కథలు. 1999లో రెస్ట్, నార్వాయెజ్, థోమా, బెబో కలిసి ఐదు కథల రెండో రూపం తెచ్చారు. పరీక్షను నడిపే సెంటర్ ఫర్ ద స్టడీ ఆఫ్ ఎథికల్ డెవలప్‌మెంట్ మొదట మిన్నెసోటాలో ఉండేది, తర్వాత అలబామా యూనివర్సిటీకి మారింది. అనుమతి, పేపర్లు, ఆన్‌లైన్ రూపం, స్కోరింగ్ అన్నీ అక్కడి నుంచే.

ప్రశ్నపత్రంలో ఏముంది

ఐదు కథలు. ఒక్కో కథ పేరా రెండు పేరాలు. మొదటిది కరువు కథ. ఉత్తర భారతంలోని ఒక పల్లె, ఆకలితో అల్లాడుతున్న కుటుంబం, ధర పెరగాలని ధాన్యం దాచుకున్న ధనికుడు, దొంగతనానికి వెళ్లాలా అని ఆలోచించే తండ్రి. ఆ తండ్రి పేరు ముస్తాక్ సింగ్. ఇక్కడ చదివినవాళ్లెవరైనా ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. ప్రశ్నపత్రం రాసినవాళ్లకు భారతదేశం ఎంత దూరమో ఆ ఒక్క పేరు చాలు చెప్పడానికి.

మిగతా నాలుగూ అమెరికన్ నేలవి. పోటీలో ఉన్న నాయకుడు ఎన్నో ఏళ్ల కిందట దుకాణంలో చిన్న దొంగతనం చేసి పట్టుబడ్డాడని తెలిసిన విలేకరి ఆ వార్త రాయాలా? ఒక హైస్కూలు మూసేసే గొడవలో బెదిరింపులు వస్తుంటే స్కూలు బోర్డు అధ్యక్షుడు బహిరంగ సభ పెట్టాలా మానాలా? క్యాన్సర్ చివరి దశలో ఉన్న వృద్ధురాలు అడిగిన నొప్పి మందు మోతాదు పెంచితే ప్రాణం ముందే పోవచ్చు, డాక్టరు ఏం చేయాలి? దక్షిణ అమెరికా దేశానికి సైన్యాన్ని పంపినందుకు విద్యార్థులు నిరసన ప్రదర్శన చేస్తూ రోడ్లకు అడ్డం పడటం సరైనదేనా?

ప్రతి కథ దగ్గరా మూడు పనులు. చేయాలి, చేయకూడదు, తేల్చుకోలేను అని ఒకటి ఎంచుకోవాలి. తర్వాత 12 అంశాలకు ఒక్కోదానికి ఐదు మెట్ల మీద ఎంత ముఖ్యమో గుర్తు పెట్టాలి. చివర్లో ఆ 12లో అన్నిటికన్నా ముఖ్యమైన నాలుగింటిని వరసలో పెట్టాలి. మొత్తం 60 అంశాలు, 20 ర్యాంకులు. 35 నుంచి 45 నిమిషాలు అంటారు. ఇంగ్లీషు మీడియంలో చదివినా ఇంట్లో తెలుగు మాట్లాడే విద్యార్థులకు గంట కేటాయించండి. తొందరపెడితే ఐదో కథ ర్యాంకులు చెత్తగా వస్తాయి. తొమ్మిదో తరగతి స్థాయి చదువు లేనివాళ్లకు ఇవ్వడం దండగ.

అంశాలు పూర్తి వాదనలుగా ఉండవు. ముక్కలుగా, సగం ప్రశ్నల్లా ఉంటాయి. అది కావాలని చేసిన పని. పూర్తి వాదన ఇస్తే మనిషి దాన్ని తర్కిస్తాడు. ముక్క ఇస్తే తన బుర్రలో అప్పటికే ఉన్న చట్రంతో దాన్ని పూరించుకుంటాడు, చట్రం లేకపోతే దాటేస్తాడు. పరీక్ష పట్టుకునేది ఆ పూరించుకోవడాన్నే.

స్కోరు ఎలా వస్తుంది

అంశాలు మూడు రకాలు. తనకు, తనవాళ్లకు ఏం ఒరుగుతుంది, ఎవరు ఏమనుకుంటారు అన్నవి మొదటి రకం. చట్టం, పద్ధతి, వ్యవస్థ నిలబడాలి అన్నవి రెండోది. ఆ చట్టమే న్యాయంగా ఉందా, అందరూ ఒప్పుకోగల సూత్రం ఏది అన్నవి మూడోది. ఈ మూడో రకానికి దక్కిన వాటాయే పి స్కోరు.

మొదటి ర్యాంకుకు 4 పాయింట్లు, తర్వాత 3, 2, 1. కథకు 10 చొప్పున ఐదు కథలకు 50. మూడో రకం అంశాలకు పడిన పాయింట్లు కూడి రెండుతో గుణిస్తే శాతం వస్తుంది. ఉదాహరణకు ఒకరికి కరువు కథలో 6, విలేకరి కథలో 3, స్కూలు బోర్డులో 4, క్యాన్సర్ కథలో 7, ప్రదర్శన కథలో 1 వచ్చాయనుకుందాం. మొత్తం 21, పి స్కోరు 42. పాత ఆరు కథల రూపంలో మొత్తం 60 పాయింట్లు కాబట్టి అక్కడ 0.6తో భాగించేవాళ్లు. రెండు రూపాల లెక్కలూ కలిపేసిన థీసిస్‌లు కనిపిస్తుంటాయి, జాగ్రత్త.

దీనితో పాటు ఎన్2 అనే స్కోరు కూడా ఇస్తారు. పి స్కోరు ర్యాంకులను మాత్రమే చూస్తుంది. ఎన్2 రేటింగుల్లోకి కూడా వెళ్లి, సొంత లాభపు అంశాలను మూడో రకం కంటే ఎంత కిందికి నెట్టారో తీసుకుంటుంది. ఆ తేడాను అదే మనిషి రేటింగుల విస్తరణతో భాగించి, మూడు రెట్లు చేసి పి స్కోరుకు కలుపుతారు. పై మెట్టు ఎక్కడం ఒక్కటే లెక్కలోకి వస్తే సరిపోదు, కింది మెట్టు వదలడం కూడా ఎదుగుదలే అన్నది దీని వెనక ఆలోచన. కోర్సుల ప్రభావం చూసేవాళ్లు ఎన్2 తప్పక అడగాలి. మొదటి రకం నుంచి రెండో రకానికి కదిలిన తరగతిని పి స్కోరు ఒక్కటే చూస్తే ఏమీ కదలనట్టే కనిపిస్తుంది.

మొదటి పని, అంటే చేయాలా వద్దా అన్న ఎంపిక, ఈ స్కోర్లలోకి రాదు. కానీ ఆ కాలమ్‌ను పారేయకండి. ఒకే తరగతిలో ఒకే పి స్కోరు ఉన్న ఇద్దరు డాక్టరు కథలో ఎదురెదురు నిర్ణయాలు తీసుకున్న సందర్భాలు చర్చకు పనికొచ్చే సరుకు.

అమెరికాలో మొదటి రూపంతో కట్టిన సగటులు ఇలా ఉంటాయి: మిడిల్ స్కూలు పిల్లలు 20లలో, హైస్కూలు 30లలో, కాలేజీ 40లలో, వృత్తి విద్య ముగించినవాళ్లు 50లలో, నైతిక తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసేవాళ్లు 60లలో. వయసు కన్నా చదువుకే ఈ స్కోరు ఎక్కువ లొంగుతుంది. ఆడవాళ్ల ఆలోచనను కోల్‌బర్గ్ కొలత తక్కువ చేస్తుందని 1982లో కేరల్ గిలిగన్ లేపిన వివాదం మీద థోమా 1986లో పాత అధ్యయనాలన్నీ కూడి చూస్తే, డి.ఐ.టి.లో ఆడవాళ్లకే కొద్దిగా ఎక్కువ వచ్చింది. ఆ తేడా కూడా చదువు తెచ్చే తేడా ముందు ఏ మూలకూ రాలేదు.

చెడిపోయే చోట్లు

పరీక్షలో దొంగను పట్టే ఏర్పాట్లు ఉన్నాయి. కొన్ని అంశాలు పెద్ద పెద్ద మాటలతో గంభీరంగా ఉంటాయి కానీ వాటికి అర్థం ఉండదు. మాట బరువు చూసి మురిసిపోయి వాటిని పై ర్యాంకుల్లో పెట్టినవాళ్ల పేపరు పక్కకు పోతుంది. రేటింగులో తక్కువ ఇచ్చిన అంశాన్నే ర్యాంకులో పైన పెట్టినా, 12కి 12 అంశాలకూ ఒకే గుర్తు పెట్టినా, ర్యాంకులు ఖాళీ వదిలినా గీత దాటితే తీసేస్తారు.

మన తరగతుల్లో ఎక్కువగా జరిగే తప్పు ర్యాంకుల దగ్గరే. ర్యాంకు గడిలో రాయమని అడిగేది అంశం నంబరు, వాళ్లు రాసేది దాని ప్రాముఖ్యం. విద్యార్థులు చాలామంది దాన్ని తిరగేస్తారు, లేదా ఒకే నంబరు రెండు చోట్ల రాస్తారు. పంచే ముందు ఈ పరీక్షకు సంబంధం లేని ఒక నమూనా, స్కూటర్ కొనేటప్పుడు చూసే విషయాల లాంటిది, బోర్డు మీద చేసి చూపిస్తే ఈ నష్టం చాలావరకు ఆగుతుంది. ఆన్‌లైన్ ఫారంలో ఖాళీ వదలకుండా బిగించొచ్చు. అయితే అలా బిగిస్తే విసుగుపుట్టి ఏదో ఒకటి నొక్కేవాళ్లు పెరుగుతారు, ఖాళీల రూపంలో దొరికే దొంగలు నిండిన పేపర్లలో దాక్కుంటారు. ఏం చేసినా పదిశాతం పేపర్లు పోతాయని ముందే లెక్క వేసుకోండి.

'మంచివాళ్లలా జవాబివ్వండి' అంటే స్కోరు పెరుగుతుందా? 1975లో మెక్‌జార్జ్ చేసిన ప్రయోగంలో పెరగలేదు, 'చెడ్డవాళ్లలా' అన్నప్పుడు మాత్రం తగ్గింది. పరీక్షకు ఇది పెద్ద బలం అని చెప్పుకుంటారు. కానీ 1983లో ఎమ్లర్, రెన్‌విక్, మలోన్ ఇంకో రకంగా అడిగారు. కుడిపక్ష భావాలున్న విద్యార్థులకు 'మీరు వామపక్ష రాడికల్ అయితే ఎలా జవాబిస్తారో అలా ఇవ్వండి' అన్నారు. స్కోరు పెరిగింది. అంటే పై దశ అంశాలను, మన మూడో రకాన్ని, వాళ్లు గుర్తుపట్టగలరు, వాటిని ఎదుటి రాజకీయాలవాళ్ల మాటలుగా చూసి తామే వదిలేశారు. రెస్ట్ వర్గం దీనికి చాలా జవాబులు రాసింది. ఆ జవాబులు చదివాక కూడా మా అనుమానం సగమే తీరింది. ప్రదర్శన కథ లాంటివి ఉన్నంతకాలం ఈ కొలతలో కొంత రాజకీయం కలిసే ఉంటుంది.

ప్రవర్తనతో సంబంధం? ఉంది, సన్నగా. సహసంబంధం (రెండూ పూర్తిగా కలిసి నడిస్తే 1, సంబంధమే లేకపోతే 0) 0.3 దగ్గర తిరుగుతుంది. ప్రవర్తనలోని తేడాల్లో పదో వంతుకు లోపే అన్నమాట. స్కోరు ఎక్కువ వచ్చిన అధికారి లంచం తీసుకోడని ఈ పరీక్ష ఎక్కడా హామీ ఇవ్వలేదు.

ఇక ఒక్క మనిషి మీద వాడొద్దని ఎందుకన్నామో చూడండి. పి స్కోరు ప్రామాణిక విచలనం, అంటే స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే అంకె, 15 దాకా ఉంటుంది. విశ్వసనీయత, అంటే కొలత ఎంత నిలకడగా ఉంటుందో (పూర్తి నిలకడ అయితే 1), 0.70ల చివర, 0.80ల మొదట్లో ఉంటుంది. 0.78 అనుకుంటే కొలత దోషం 7. 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే అటూ ఇటూ 14. పైన లెక్క కట్టిన 42 అసలు 28 కావచ్చు, 56 కావచ్చు. హైస్కూలు పిల్లవాడా, వృత్తి విద్య ముగించినవాడా అన్నది కూడా తేల్చలేని అంకెతో ఉద్యోగం ఇవ్వడం, ఆపడం రెండూ అన్యాయమే. నియామకాల కోసం ఇలాంటి పరీక్షలు అమ్మజూపేవాళ్లు ఎదురైతే కొలత దోషం ఎంత అని అడగండి.

కోర్సు ప్రభావం చూడాలంటే

ఇదే దీని అసలు రంగం. 2019లో చేరిన ఎంబీబీఎస్ బ్యాచ్ నుంచి ఏట్‌కామ్ (వైఖరి, ఎథిక్స్, కమ్యూనికేషన్) పాఠాలు వచ్చాయి కాబట్టి ఆంధ్ర, తెలంగాణ మెడికల్ కాలేజీల్లో కూడా 'మార్పు వచ్చిందా' అన్న ప్రశ్న తప్పదు. కెనడాలో 2003లో అచ్చయిన ఒక అధ్యయనంలో వైద్య విద్యార్థుల నైతిక తర్కం మొదటి ఏడాది నుంచి మూడో ఏడాదికి పెరగకపోగా తగ్గింది. అందుకే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలిచి, పోల్చడానికి కోర్సు లేని గుంపును కూడా పెట్టుకోవాలి.

ఎంతమంది కావాలి? ష్లాఫ్లి, రెస్ట్, థోమా 1985లో 55 అధ్యయనాలను కూడి చూస్తే, ధర్మసంకటాలను గుంపుగా చర్చించే కోర్సుల ప్రభావం 0.41 ప్రామాణిక విచలనాలు. మూడు వారాల లోపు కార్యక్రమాలతో దాదాపు ఏమీ రాలేదు. 0.41 తేడాను 80 శాతం బలంతో, అంటే తేడా నిజంగా ఉంటే వందకు ఎనభై సార్లు దొరికేలా, పట్టుకోవాలంటే గుంపుకు 95 మంది దాకా కావాలి. పోయే పేపర్లు కలుపుకుంటే 106. ముప్పై మందితో రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి ముందూ వెనకా పి స్కోరు చూపించే పేపర్లు చాలా వస్తుంటాయి. వాటిలో తేడా కనబడినా, కనబడకపోయినా దాన్ని బట్టి ఏమీ చెప్పలేం.

రెండుసార్లూ అవే కథలు ఇస్తే జ్ఞాపకం కలుస్తుందన్న భయం ఉంటుంది. పరీక్షకు సమాంతర రూపం లేదు. కోర్సు మధ్యలో ఈ ఐదు కథలను, వాటి పోలికలను చర్చకు తేకపోవడం ఒక్కటే మన చేతిలో ఉన్నది. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి ఉన్న 250 మార్కుల ఎథిక్స్ పేపరుకు శిక్షణ తీసుకున్నవాళ్లు మీ నమూనాలో ఉంటే ఆ సంగతి కూడా రాసుకోండి. కేస్ స్టడీల మీద సూత్రాలు వల్లె వేయడం వాళ్లకు అలవాటు.

తెలుగులో ఇవ్వొచ్చా?

ముందు, ఇంగ్లీషులోనే ఇస్తే ఏమవుతుందో చూద్దాం. 2014లో సైకాలజిస్టు ఆల్బర్ట్ కోస్టా బృందం చేసిన ప్రయోగాల్లో, ఐదుగురిని కాపాడటానికి వంతెన మీద ఉన్న మనిషిని రైలు కిందికి తోయొచ్చా అని అడిగితే, సొంత భాషలో 20 శాతం, నేర్చుకున్న భాషలో 33 శాతం తోయొచ్చన్నారు. స్పానిష్, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లతో చేసిన రెండో ప్రయోగంలో అయితే 18 శాతం 44 అయింది. పరాయి భాషలో కథ గుండెకు తగలదు. అది ఎంపికను కొలిచిన ప్రయోగం, డి.ఐ.టి. కాదు, కానీ హెచ్చరిక చాలు. ఒక గుంపుకు ఇంగ్లీషులో, ఇంకో గుంపుకు తెలుగులో ఇచ్చి పోల్చకండి.

అనువాదానికి సెంటర్ అనుమతి తప్పనిసరి. ఒకరు తెలుగు చేసి, మూలం చూడనివాళ్లు తిరిగి ఇంగ్లీషు చేసి సరిచూడటం మామూలు పద్ధతే, అయితే ఈ పరీక్షకు అది చాలదు. రెండు చోట్ల ప్రత్యేకంగా దెబ్బ తగులుతుంది. మొదటిది, అర్థం లేని అంశాలు. మంచి అనువాదకుడు వాటిలో అర్థం వెతికి సరిచేసి పెడతాడు, దాంతో వల పోతుంది. ఇవి గంభీరంగా, వ్యాకరణం తప్పకుండా, ఏమీ చెప్పకుండా ఉండాలని అతనికి ముందే చెప్పాలి. రెండోది, భాష స్థాయి. సూత్రాల గురించిన అంశాలు తెలుగులోకి రాగానే వాటంతట అవే సంస్కృత సమాసాల వైపు జారతాయి, ఇంటి లాభం గురించినవి వాడుక భాషలో ఉండిపోతాయి. అప్పుడు జవాబిచ్చేవాళ్లు ఎంచుకునేది ఆలోచననా, హుందాగా వినిపించే వాక్యాన్నా అన్నది తెలియదు. 60 అంశాలూ ఒకే స్థాయి భాషలో, దినపత్రిక చదివేవాళ్లకు ఆగకుండా సాగే తెలుగులో ఉండాలి. పొడవు కూడా సరిచూడాలి, పొడుగైన అంశం ముఖ్యమైనదిగా కనిపిస్తుంది.

ఆపైన పనిచేస్తోందా అని చూడాలి. కనీసం ఇంటర్, డిగ్రీ, పీజీ స్థాయిల్లో ఇచ్చి చదువుతో స్కోరు పెరుగుతోందా లేదా చూడకుండా తెలుగు రూపాన్ని నమ్మొద్దు. పెరగకపోతే ముందు అనువాదాన్ని అనుమానించండి, మనుషులను కాదు.

అనువాదం కుదిరినా తీరని చిక్కు ఇంకొకటుంది. సైకాలజిస్టు జోన్ మిల్లర్ బృందం మైసూరులోను, అమెరికాలో న్యూ హేవెన్‌లోను ఒకే ప్రశ్న అడిగింది. స్నేహితుడి పెళ్లికి ఉంగరాలు అందించాలంటే ఇంకొకరి రైలు టికెట్ దొంగిలించడం తప్ప దారి లేదు, ఏం చేయాలి? అమెరికన్లలో ఎక్కువమంది టికెట్ ముట్టొద్దన్నారు. మైసూరువాళ్లలో ఎక్కువమంది మాట నిలబెట్టుకోవడమే ధర్మమన్నారు. అదీ ముచ్చట కోసమో మొహమాటం కోసమో కాదు, కర్తవ్యంగా చెప్పారు. భువనేశ్వర్‌లో రిచర్డ్ ష్వెడర్, మనమోహన్ మహాపాత్ర చేసిన పని కూడా ఇటువైపే చూపిస్తుంది. డి.ఐ.టి. అంశాల్లో దగ్గరివాళ్ల మంచి చూడటం చాలావరకు మొదటి రకంలోకి, అంటే కింది మెట్టుకు వెళ్తుంది. అన్న కూతురి పెళ్లి బాధ్యతను సూత్రంగా మోసేవాళ్లకు ఈ కొలత తక్కువ మార్కులే వేస్తుంది. స్కోరు తక్కువ వచ్చిన తెలుగు నమూనాను 'వెనకబడింది' అని రాసే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

బదులు ఏవి ఉన్నాయి

జర్మనీలో కోన్‌స్టాంజ్ యూనివర్సిటీకి చెందిన గియోర్గ్ లిండ్ 1970లలో తయారుచేసిన మోరల్ కాంపిటెన్స్ టెస్ట్ చిన్నది. రెండే కథలు, ఒకటి ఫ్యాక్టరీ కార్మికులది, ఇంకోటి డాక్టరుది. ఒక్కోదానికి అనుకూలంగా ఆరు, వ్యతిరేకంగా ఆరు వాదనలు. మొత్తం 24కి -4 నుంచి +4 దాకా మార్కు పెట్టాలి. పావుగంటలో అయిపోతుంది. దీని తెలివంతా ఒక్కచోటే ఉంది. నా అభిప్రాయానికి వ్యతిరేకమైన వాదనలో కూడా నాణ్యతను నేను చూడగలనా? తన వైపు వాదనలన్నిటికీ +4, ఎదుటి వాటికి -4 పెట్టినవాళ్లకు ఈ పరీక్ష ఇచ్చే సి స్కోరు సున్నా. ఇది డి.ఐ.టి.కి లేని గుణం.

కానీ ఒక లొసుగు ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. సి అంటే మార్కుల్లోని మొత్తం తేడాలో వాదన దశ వివరించే వాటా. కోల్‌బర్గ్ దశలు ఆరు, మార్కులు 24. కళ్లు మూసుకుని అంకెలు పెట్టినా గణితం ప్రకారం సగటున 23లో 5 వంతులు, అంటే 22 శాతం దాకా వస్తుంది. నిజాయితీగా తన పక్షం వహించినవాడికి సున్నా, గుడ్డిగా నొక్కినవాడికి 22. అందుకే ఈ పరీక్ష వాడితే శ్రద్ధగా జవాబిచ్చారా అన్నది వేరే మార్గంలో సరిచూడాల్సిందే. మతవిశ్వాసం గట్టిగా ఉన్నచోట్ల డాక్టరు కథలో మాత్రమే స్కోరు పడిపోవడం కూడా బ్రెజిల్ లాంటి దేశాల్లో చూశారు, కాబట్టి రెండు కథల స్కోర్లూ విడివిడిగా చూసుకోండి.

తెలుగులోనే పని చేయాలనుకునేవాళ్లకు మా ఓటు జాన్ గిబ్స్ బృందం 1992లో అచ్చేసిన సోషియోమోరల్ రిఫ్లెక్షన్ మెజర్ చిన్న రూపానికి. అందులో కథలే లేవు. మాట నిలబెట్టుకోవడం, నిజం చెప్పడం, ప్రాణం కాపాడటం, దొంగతనం చేయకపోవడం లాంటి 11 విషయాలు ఎంత ముఖ్యమో చెప్పి, ఎందుకో సొంత మాటల్లో రాయాలి. హైంజ్ లేడు, ముస్తాక్ సింగ్ లేడు. 2007లో ఇదే బృందం 23 దేశాల్లోని 75 అధ్యయనాలను కూడి చూపించింది. స్కోరు 100 నుంచి 400 దాకా. 11లో కనీసం ఏడు జవాబులు మార్కు వేయగలిగేలా ఉండాలి. కష్టమంతా మార్కులు వేయడంలో. ఇద్దరికి శిక్షణ ఇచ్చి, విడివిడిగా వేయించి, ఏకీభావం చూడాలి. డబ్బు మిగులుతుంది, నెలలు ఖర్చవుతాయి. హైస్కూలు పిల్లలకైతే ఇది తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు.

ఎం.ఐ.టి. వాళ్ల మోరల్ మెషీన్ సంగతి చాలామంది అడుగుతారు. డ్రైవర్ లేని కారు ఎవరిని గుద్దాలి అని అడిగే వెబ్‌సైటు అది. 2018లో నేచర్‌లో వచ్చిన వ్యాసానికి 233 దేశాలు, ప్రాంతాల నుంచి దాదాపు 4 కోట్ల నిర్ణయాలు చేరాయి. పది భాషల్లో నడిచింది, వాటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు. ఎవరిని ఎంచుకున్నారో చెబుతుంది, ఎందుకో చెప్పదు. కాబట్టి తర్కం కొలిచే పనికి ఇది అసలు పోటీలోకే రాదు. తరగతిలో చర్చ రాజేయడానికి బాగుంటుంది.

ఈ మధ్య డి.ఐ.టి.కి కొత్త గిరాకీ వచ్చింది, కృత్రిమ మేధ నుంచి. మైక్రోసాఫ్ట్ పరిశోధకుల బృందం ఒకటి 2023లో భాషా నమూనాలకు, అంటే చాట్‌జీపీటీ లాంటి వాటి వెనక ఉండే ప్రోగ్రాములకు, ఈ పరీక్ష పెడితే జీపీటీ-4 పీజీ విద్యార్థుల స్థాయి స్కోరు తెచ్చుకుంది. తర్వాత అదే బృందం ఆరు భాషల్లో పెడితే హిందీ, స్వాహిలీలలో ఫలితం బాగా దిగజారింది. తెలుగు ఆ ఆరింటిలో లేదు. భాషా నమూనాల మీద ఈ పని చేయాలనుకునే తెలుగువాళ్లు పాత కథలను అలాగే వాడకండి. హైంజ్ కథ, దాని మీద దశలవారీ విశ్లేషణ ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. కొత్త కథలు రాసి, 12 అంశాలు కట్టి, ముందు మనుషుల మీద సరిచూసుకున్నాకే యంత్రానికి ఇవ్వాలి.

కొనడానికి నిర్ణయించుకుంటే, సెంటర్‌కు రాసేటప్పుడే మనుషుల సంఖ్య, పేపరా ఆన్‌లైనా, ఏ భాష, ముందు వెనక రెండుసార్లా అన్నవి చెప్పండి. ధర డాలర్లలో, సంఖ్యను బట్టి ఉంటుంది కాబట్టి రెండుసార్లు పెట్టేవాళ్లు బడ్జెట్ కూడా రెట్టింపు వేసుకోవాలి. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తెచ్చుకోండి. పాల్గొనేవాళ్లకు వాళ్ల విడి స్కోరు చెప్పబోమని సమ్మతి పత్రంలోనే రాయండి. ఫలితాలు రాసేటప్పుడు పి, ఎన్2 రెండూ, ఎన్ని పేపర్లు ఏ కారణంతో తీసేశారో, ఏ రూపం, ఏ భాష అన్నవి పట్టికలో ఉండాలి. మొదటి, రెండో రకాల స్కోర్లు కూడా ఇచ్చేయండి. మీ తర్వాత ఇదే ప్రాంతంలో పని చేసేవాళ్లు పోల్చుకోవడానికి పనికొచ్చేవి అవే.